సైలో గోలు దగ్గర గూఢచారి

టారబూల్,
5 మే 1986, సోమవారం

టారబూల్ ఫుట్‌బాల్ క్లబ్ కోచ్ డెనిస్ లాంగ్‌మోర్ గారి సముఖానికి,

క్లారీ పెటిఫర్ వ్రాయునది. ఇక్కడ నేనూ, నా భార్య ఈనిడూ, మా గొర్రెలూ అంతా క్షేమం. మన డిఫెన్స్ ఒక్కటే క్షేమంగా లేదు.

మొన్న శనివారం కంచె మీద నుంచి నేను రెండు మంచి మాటలు చెప్పబోతే, "పెద్దాయనా, అరవకండి, చెప్పేదేమైనా ఉంటే రాసివ్వండి" అన్నారు. పదకొండు మంది విన్నారు. అన్నారు కదా, ఇక అనుభవించండి.

మీరు మెల్‌బోర్న్ నుంచి వచ్చారు కనక మొదటినుంచీ చెబుతాను. అవతలివాడు గోలుకి గురిపెట్టి, గురి తప్పి, బంతిని పక్క స్తంభం అవతల పడేస్తాడు. ఆరు పాయింట్లు రావలసిన చోట వాడికి ఒక్కటి వస్తుంది. గోల్ అంపైరు ఒక జెండా ఊపుతాడు. బంతి మనకిస్తారు. గోలు ముందు గీసిన చదరంలోంచి మన ఫుల్‌బ్యాక్ దాన్ని బయటికి తన్నాలి. దీన్నే కిక్-ఔట్ అంటారు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పద్నాలుగేళ్ళు ఈ పని నేను చేశాను. నాలుగడుగులు వెనక్కి, నాలుగడుగులు ముందుకి, కాలు బారుగా చాపి, బంతి మెలితిరిగేలా ఒక్క తన్ను. అది మైదానం మధ్యలో దిగేది. అక్కడ మన పొడుగువాడు పట్టుకునేవాడు. పట్టుకోకపోతే వాడి ఖర్మ. గోలు దగ్గర ప్రమాదమైతే తప్పేది కదా!

మీరొచ్చాక ఏం జరుగుతోంది? పదిమందీ మధ్యలో గుంపుగా చేరతారు, దాణా తొట్టి దగ్గర మా గొర్రెల్లాగా. ఉన్నట్టుండి తలో దిక్కుకీ పరిగెడతారు. మా మనవడు గ్లెన్, అంటే మీ ఫుల్‌బ్యాక్, కాసేపు వంగుతాడు, కాసేపు లేస్తాడు, చివరికి ఇరవై గజాల దూరంలో ఉన్నవాడికి బంతిని చాలా మర్యాదగా అందిస్తాడు. అందుకున్నవాడు తడబడతాడు. అవతలివాడు లాక్కుంటాడు. గోలు. కంచె దగ్గర నా పక్క కారులో వాళ్ళు నవ్వుతారు.

తన్నమనండి చాలు. గట్టిగా, దూరంగా, మధ్యకి.

ఇట్లు,
క్లారెన్స్ పెటిఫర్,
జీవిత సభ్యుడు, 1947 నుంచి 1961 దాకా ఫుల్‌బ్యాక్

తా.క. ఈనిడ్ ఒక మాట రాయమంది. జట్టు బట్టలన్నీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉతుకుతున్నది తనే. నలభై జతల మేజోళ్ళు తెల్లగా ఉతికి పంపితే, కుర్రాళ్ళు వాటిని మడమల దాకా జారవిడిచి తిరుగుతున్నారట. ముఖ్యంగా మా వాడు. ఆవిడకి చాలా బాధగా ఉంది.


టారబూల్ హైస్కూలు,
8 మే 1986

గౌరవనీయులైన పెటిఫర్ గారికి,

మీ ఉత్తరం ఉతికిన జెర్సీల బుట్టలో అందింది. ధన్యవాదాలు.

మీ కాలం ఆట వేరు సార్. ఇప్పుడు అవతలి జట్టు మైదానాన్ని గళ్ళుగా పంచుకుని కాపలా కాస్తుంది. అందరూ చూస్తుండగా మధ్యకి దూరంగా తన్నడమంటే బంతిని వాళ్ళ చేతిలో పెట్టడమే. కిక్-ఔట్ అంటే మన దాడికి మొదలు. ఆ గుంపు ఊరికే కాదు. అది చెదిరిపోయినప్పుడు ఒక్కడు ఖాళీగా మిగులుతాడు. ఆ ఒక్కడు ఏ వైపు ఉంటాడో మావాళ్ళకి ముందే తెలియడానికి గ్లెన్ ఒక రహస్య సైగ చేస్తాడు. అదేమిటో మీకు చెప్పలేను. నా భార్యకే చెప్పలేదు. ఈ కోణాలన్నీ పోయిన వేసవి సెలవుల్లో నల్లబల్ల మీద లెక్కకట్టాను.

ఫలితాలకి కాస్త ఓపిక పట్టమని మనవి.

మీ
డెనిస్ లాంగ్‌మోర్

తా.క. మేజోళ్ళ విషయంలో పెటిఫర్ అమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. గ్లెన్ మేజోళ్ళు అప్పుడప్పుడు జారుతాయి, జారక తప్పదు. కారణం అడగొద్దు.


టారబూల్,
9 జూన్

నాయనా డెనిస్,

ఓపిక పట్టాను. అయిదు ఆటలు పట్టాను. అయిదూ ఓడాం. ఇక "మీరు" అనే ఓపిక మాత్రం నాకు లేదు.

నీ రహస్య సైగ గురించి ఒక్క మాట అడుగుతాను. అది రహస్యమైతే, గ్లెన్ ఎడమ మూలకి తన్నబోయే ముందే అవతలి జట్టు ముగ్గురు అక్కడికెళ్ళి చేతులు నలుపుకుంటూ ఎందుకు నిలబడుతున్నారు? కుడివైపు తన్నబోతే కుడివైపు నలుగురు! మొన్న ఒకడైతే ముందే వెళ్ళి బూటు లేసు కూడా కట్టుకున్నాడు, తీరిగ్గా. బంతి వచ్చేసరికి లేచి పట్టుకున్నాడు. ఎవరో చెవిలో ఊదినట్టుంది వ్యవహారం.

మా కాలంలో మేం ఎక్కడికి తన్నేదీ జిల్లా అంతటికీ తెలుసు. అయినా ఆపలేకపోయేవాళ్ళు, ఎందుకంటే బంతి వాళ్ళ నెత్తి మీదుగా పోయేది. దీనికి నల్లబల్ల అక్కర్లేదు, తొడ ఉండాలి. నీ కోణాలన్నీ కలిపినా మా గ్లెన్ తొడ అంత లేవు. అటువంటి వాడిచేత పిల్లల పుట్టినరోజు పార్టీలో ఆటలాగా బంతి ఇప్పిస్తున్నావు. సిగ్గుండాలి.

గోధుమలు నిలవచేసే సైలో వైపు గోలు వెనకాల నా చోటుంది, తెలుసు కదా, కంచెకి ముక్కు ఆనించి కారు ఆపుతాను. అక్కడినుంచి నాకు అంతా కనిపిస్తుంది. సగం వినిపించదు (కుడి చెవి 1949లో పోయింది, మోచేయి తగిలి), కానీ కనిపిస్తుంది.

ఇట్లు,
క్లారీ పెటిఫర్

తా.క. ఈనిడ్ చలికి కారు దిగదు. ఒళ్ళో అల్లిక, పక్కన ఫ్లాస్కు. స్కోరు ఎంతో కూడా ఆవిడకి తెలియదు. చూసేది ఒక్క గ్లెన్‌నే. మేజోళ్ళ మాట మళ్ళీ రాయమంది. ఎన్నిసార్లు చెప్పినా వాడు వినడం లేదట.


టారబూల్ హైస్కూలు,
3 జులై

పెటిఫర్ గారికి,

ఇది రాయడం నాకు ఇష్టం లేదు. అయినా రాయాలి.

మన సైగ బయటికి పోతోంది. ఇందులో ఇక అనుమానం లేదు. నేను సైన్సు మాస్టర్ని, కనక లెక్కలు తీశాను. ప్రతి ఆటలో నాలుగు పాదాలు ఉంటాయి, పాదానికోసారి జట్లు గోలు వైపు మార్చుకుంటాయి. మనం సైలో వైపు గోలు కాపాడే రెండు పాదాల్లో కిక్-ఔట్లు పదికి ఎనిమిది అవతలివాళ్ళ చేతికి పోతున్నాయి. రెండో వైపు గోలు కాపాడేటప్పుడు పదికి ఒక్కటే. పరాయి ఊళ్ళోనూ ఇంతే: ఒక గోలు దగ్గర పోతాయి, ఇంకో గోలు దగ్గర పోవు. పోయే గోలు వెనకాల ప్రతిసారీ ఒకే కారు ఉంటోంది. లేతాకుపచ్చ రంగు కారు.

మిమ్మల్ని నేనేమీ అనడం లేదు. కానీ మీరు ఆట మర్మం తెలిసినవారు. సైగ కనిపెట్టే ఉంటారు. కంచె దగ్గర చేతులూపుతూ అరుస్తుంటారు. కావాలని కాకపోయినా, మీ చేతులు ఎటు ఊగితే వాళ్ళు అటు వెళ్తున్నారేమో!

క్లబ్ పరిస్థితి మీకు తెలుసు. ఈ ఏడు మొదటి నాలుగు జట్లలోకి రాకపోతే మనల్ని పక్క ఊరి కెర్రిబీ క్లబ్‌తో కలిపేయాలని కమిటీ ముందే తీర్మానించింది. పేరు వాళ్ళది, మైదానం వాళ్ళది, పసుపు జెర్సీ వాళ్ళది. మన ఎర్ర జెర్సీ గాజు బీరువాలోకి పోతుంది. అది మీకూ నాకూ ఇష్టం లేదు.

కనక దయచేసి మీ కారు అవతలి పక్కకి, మాంసం పైలు అమ్మే తిండి బడ్డీ దగ్గరికి, మార్చుకోండి.

మీ
డెనిస్ లాంగ్‌మోర్

తా.క. ఇకపైన గ్లెన్‌తో ఇంట్లో కిక్-ఔట్ల గురించి మాట్లాడవద్దని కూడా మనవి.


టారబూల్,
4 జులై

కోచ్ గారికి,

మళ్ళీ "గారు" అంటున్నాను. గౌరవంతో కాదు, నువ్వు నాకేమీ కావు గనక.

ఆ చోట మా నాన్న గుర్రబ్బండి ఆపేవాడు. ఆ తర్వాత నేను ఆపుతున్నాను. వానొచ్చినా, వరదొచ్చినా, నా పెద్ద కూతురు పెళ్ళి రోజున కూడా (పెళ్ళి పొద్దున్నే పెట్టించాను) ఆ చోట ఇంకొకడు కారు ఆపలేదు. ఊళ్ళో మనిషి పొలం అడిగితే ఇస్తాడేమో, కారు ఆపే చోటు అడగడం నేను ఎక్కడా వినలేదు. అడిగినవాడు నిన్నగాక మొన్న వచ్చినవాడు. అదీ తిండి బడ్డీ దగ్గరికి! అక్కడ ఆపేది ఆట చూడనివాళ్ళు.

ఇక నేను చేతులూపుతానా? అవును, ఊపుతాను. రెండు చేతులూ మైదానం మధ్యకే ఊపుతాను. "మధ్యకి తన్నరా" అని. నీ జట్టు ఒక్కసారైనా మధ్యకి తన్నిందా? నన్ను చూసి వాళ్ళు అటు వెళ్ళి ఉంటే మనం అన్ని ఆటలూ గెలిచేవాళ్ళం. ఇది సైన్సు మాస్టరుకి తట్టలేదు.

నేను గూఢచారినా? కెర్రిబీకా? 1953లో నా పళ్ళు రెండు ఊడగొట్టిన కెర్రిబీకా? ఆ పళ్ళు ఇంకా ఎక్కడో వాళ్ళ మైదానంలోనే ఉన్నాయి.

వచ్చే శనివారం నేను రాను. ఆ తర్వాతా రాను. ఆనందించు.

పెటిఫర్

తా.క. నా జీవిత సభ్యత్వం బిళ్ళ బుట్టలో, అడుగున, ఒక మేజోడులో ఉంది. జాగ్రత్తగా తీసుకో. జారిపోగలదు, నీ జట్టులో జారడం అలవాటు కదా.


టారబూల్ హైస్కూలు,
18 ఆగస్టు

పెటిఫర్ గారికి,

మీరు రావడం మానేసి ఆరు వారాలైంది. ఆరు ఆటలూ గెలిచాం. కిక్-ఔట్లు ఏ వైపు గోలు దగ్గరా పోవడం లేదు. గుంపు చెదురుతోంది, సైగ పనిచేస్తోంది, మావాడు ఖాళీగా దొరుకుతున్నాడు. నల్లబల్ల మీద గీసినది గీసినట్టు జరుగుతోంది.

దీనికి అర్థం మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు. పద్నాలుగేళ్ళు ఆ జెర్సీ వేసుకున్న మనిషి!

శనివారం చివరి ఆట. మన మైదానంలోనే, కెర్రిబీతోనే. గెలిస్తే నాలుగో స్థానం, క్లబ్ బతుకుతుంది. ఓడితే సోమవారానికల్లా మనం కెర్రిబీ.

కమిటీ నిన్న ఇంకో తీర్మానం చేసింది. సైగ బయటపెట్టినది ఎవరైనా సరే, పేరు రుజువైతే, ఈ మైదానంలో జీవితాంతం అడుగుపెట్టకూడదు. ఏకగ్రీవం. నేను కూడా చెయ్యెత్తాను. మీ పేరు ఇంకా ఎవరూ పలకలేదు. శనివారం కూడా మీరు ఇంట్లోనే ఉంటే, ఎప్పటికీ పలకరు.

డెనిస్ లాంగ్‌మోర్

తా.క. మీ బిళ్ళ దొరికింది. నా సొరుగులో ఉంది. ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉంచాను.


టారబూల్,
20 ఆగస్టు

డెనిస్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నా మీద కోపం రావడం నీ హక్కు. కానీ ఆరు ఆటలు గెలిచినది నేను లేకపోవడం వల్లేనన్న మాట గొంతులో ఎముకలా ఇరుక్కుంది. అందుకని కూర్చుని ఆలోచించాను.

నిన్న మధ్యాహ్నం గూఢచారి దొరికాడు. ఎవరని అడక్కు. నేను చెప్పను. గ్లెన్‌ని కూడా అడక్కు, వాడికి మొదటినుంచీ తెలుసు, వాడూ చెప్పడు, పిరికివాడు. అయితే గూఢచారి పద్ధతి అంతా ఇప్పుడు నాకు తెలుసు. కెర్రిబీకి కూడా తెలుసు. జిల్లాలో తెలియనిది నీకొక్కడికే.

శనివారం నేను వస్తున్నాను. కారు నా చోటులోనే ఆపుతాను. గూఢచారి కూడా వస్తాడు, ఎప్పటిలాగే పని చేస్తాడు. ఆపొద్దు.

నువ్వు చేయవలసింది ఇది. మూడు పాదాలు నీ ఇష్టం, గుంపులు, సైగలు, సర్కస్. పోయేవి పోనీ. చివరి పాదంలో మనం సైలో వైపు కాపాడాలి. టాస్ గెలిస్తే అలా చూసుకో. ప్రాణం మీదికొచ్చిన కిక్-ఔట్ ఒకటి వస్తుంది. అప్పుడు గ్లెన్ ఎడమవైపు సైగ చెయ్యాలి, తన్నేది మాత్రం మధ్యకి. మెలితిప్పి, బారుగా, పొడుగు మెర్విన్ నెత్తి మీదికి. ఒక్కసారే. రెండోసారి పనిచెయ్యదు.

నమ్మితే నమ్ము. నమ్మకపోతే పసుపు రంగు నీకు బాగానే నప్పుతుంది.

క్లారీ

తా.క. నీకు పనికొస్తుందని కాదు గానీ, నిన్న రాత్రి ఎముక గొంతులోంచి దిగింది. మూడు ముక్కలు మటన్ తిన్నాను.


టారబూల్ హైస్కూలు,
24 ఆగస్టు, ఆదివారం

ప్రియమైన క్లారీ గారికి,

నా గొంతు పోయింది, కనక రాసే చెబుతున్నాను.

మొదటి మూడు పాదాలూ మీరు చూశారు. సైలో వైపు కాపాడిన పాదంలో నా కిక్-ఔట్లు అయిదింటికి అయిదూ పోయాయి. మళ్ళీ! మీరు వచ్చారు, మళ్ళీ మొదలైంది. ఇంకొంచెమైతే కంచె దాటి వచ్చి మీ పీక పట్టుకునేవాణ్ణి.

చివరి పాదం. రెండు నిమిషాలు ఉంది. కెర్రిబీవాడు గురి తప్పాడు, వాళ్ళు నాలుగు పాయింట్లు ముందున్నారు. జెండా ఊగింది. గ్లెన్ నా వైపు చూశాడు. నేను ఆ క్షణంలో నల్లబల్లని తలచుకున్నాను, మీ ఉత్తరాన్ని తలచుకున్నాను, ఏం చెయ్యాలో తెలియక కళ్ళు మూసుకుని తలూపాను.

గ్లెన్ ఎడమవైపు సైగ చేశాడు. మరుక్షణం కెర్రిబీ మొత్తం, మెర్విన్‌ని కాయవలసిన మనిషితో సహా, ఎడమ మూలకి పరిగెత్తింది. వాళ్ళ కోచ్ కంచె దగ్గర నిలబడి "ఎడమకి! ఎడమకి!" అని అరుస్తున్నాడు. ఎలా తెలుస్తుందండీ వాళ్ళకి? గ్లెన్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. అటువంటి తన్ను నా జన్మలో చూడలేదు. మెర్విన్ ఒంటరిగా, చుట్టూ ముప్ఫై గజాల్లో నరమానవుడు లేకుండా, ఎగరకుండానే పట్టుకున్నాడు. అక్కడినుంచి ముందుకి, గోలు. ఆరు పాయింట్లు. రెండు పాయింట్లతో గెలిచాం. కార్ల హారన్లు పావుగంట ఆగలేదు.

మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాది. అరవకుండా, రాసి, సంతకం పెట్టి చెబుతున్నాను. మీ బిళ్ళ ఇందులో పెట్టాను.

కానీ ఆ ద్రోహి పేరు కావాలి. గురువారం కమిటీ ఉంది, తీర్మానం అమలు చేసి తీరాలి. శనివారం నాకౌట్ ఆట. అప్పటికి వాణ్ణి గేటు బయట ఉంచాలి. ఏ దయా చూపించను.

మీ
డెనిస్

తా.క. ఆ మెలితిప్పే తన్ను గ్లెన్‌కి ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు.


టారబూల్,
26 ఆగస్టు

డెనిస్ బాబుకి ఆశీస్సులు,

బిళ్ళ అందింది. కోటుకి పెట్టుకున్నాను. తన్ను ఎవరు నేర్పారని అడిగావు. ఏడేళ్ళ వయసు నుంచి గొర్రెల దొడ్డి వెనకాల నేర్పాను. నువ్వు అయిదు నెలలు వాణ్ణి దాన్ని వాడనివ్వలేదు.

ఇక ద్రోహి సంగతి. పోయిన మంగళవారం మధ్యాహ్నం నేను ముద్ద దిగక కూర్చుంటే ఈనిడ్ అల్లిక పక్కన పెట్టి, "మనం వెళ్ళడం మానేశాక వాడి మేజోళ్ళ సంగతి ఎవరు చూస్తున్నారో ఏమిటో" అంది. అదేమిటన్నాను. చెప్పింది.

నీ రహస్య సైగ ఏమిటి? ఎడమకి తన్నాలంటే గ్లెన్ ఎడమ మేజోడు కిందికి జారుస్తాడు. కుడికైతే కుడిది. వాళ్ళ నానమ్మ కారులో కూర్చుని అది చూస్తుంది. వాడు పదేళ్ళ పిల్లల జట్టులో ఆడినప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఒక ఏర్పాటు ఉంది. ఎడమ మేజోడు జారితే హారన్ ఒక్కసారి. కుడిదైతే రెండుసార్లు. "పైకి లాక్కో నాయనా" అని. మే నెల నుంచి ప్రతి కిక్-ఔట్‌కీ కొట్టింది. వాడు లాక్కోలేదు. ఆవిడ ఇంకా గట్టిగా కొట్టింది. జిల్లాలో ప్రతి జట్టూ లెక్క నేర్చుకుంది. నాకు కుడి చెవి లేదు, కంచె దగ్గర అరుస్తూ నిలబడితే కారు నా కుడివైపే. నీకు రెండు చెవులూ ఉన్నాయి, నల్లబల్ల అడ్డమొచ్చింది. గ్లెన్‌కి తెలుసు. నానమ్మ మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు.

శనివారం ఆటలో ఒక్కసారి ఎడమదానికి రెండు కొట్టమని ఈనిడ్‌ని ఆ రోజే బతిమాలాను. నా వైపు చూసి, "జారని మేజోడు జారిందని ఎలా చెప్పనండీ? అబద్ధం కదూ!" అంది. అందుకే మేజోడు ఎడమది, తన్ను మధ్యకి.

తీర్మానం గురువారం నిక్షేపంగా చదువు. జీవితాంతం అడుగుపెట్టకూడదు, ఏకగ్రీవం, నువ్వూ చెయ్యెత్తావు. చదివాక నలభై జెర్సీలూ, నలభై జతల మేజోళ్ళూ నీ ఇంటికి పంపిస్తాను. నీ చొక్కా కాలర్లు నేను చూశాను. ఉతకడం నీ వల్ల కాదు.

ఇట్లు,
క్లారీ పెటిఫర్,
జీవిత సభ్యుడు

తా.క. ఈనిడ్ నీ మీద కోపంగా లేదు. పైగా శనివారం నిన్ను సంతోషపెట్టాలని రెండు రోజులుగా కుట్టు మిషను ముందు నుంచి లేవలేదు. నలభై జతల మేజోళ్ళకీ పైన గట్టి ఎలాస్టిక్ వేసి కుట్టేసింది. ఇక చచ్చినా జారవు, చేత్తో లాగినా జారవు. నేను లాగి చూశాను. సైగ లేనట్టే కనక, గ్లెన్‌ని గట్టిగా, దూరంగా, మధ్యకి తన్నమను. కుట్టేటప్పుడు నేను అడ్డు చెప్పలేదు.